ప్రతిపక్షం మాస్టారి బల్ల

ఆయన్ని ఊరంతా ప్రతిపక్షం మాస్టారు అనేవారు. ఏ పార్టీలోనూ చేరినవాడు కాదు, ఏ ఎన్నికల్లోనూ నిలబడినవాడు కాదు. వీధి కమిటీలో కోశాధికారిగా ఉండమంటేనే దణ్ణం పెట్టి తప్పుకున్నాడు. అయినా పేరు మాత్రం ప్రతిపక్షం. పెట్టింది పిల్లలు. పిల్లలు పెట్టిన పేరు అమ్మానాన్నలు పెట్టిన పేరుకంటే గట్టిగా అతుక్కుంటుందని బడిలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. కరెంటు బిల్లు తెచ్చేవాడు కూడా వీధిలోంచే "ప్రతిపక్షంగారూ!" అని కేకేసేవాడు. కుట్టుమిషను ముందు కూర్చున్న భార్య తలెత్తకుండానే, "అధికారపక్షం ఇక్కడుంది, ఇటు రా నాయనా" అనేది.

మునిసిపాలిటీ పఠనమందిరాలు ఏ ఊళ్ళో చూసినా ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. గుమ్మంలో అడుగు పెట్టగానే పాత కాగితం వాసన, దాని వెనకే చెమ్మగోడ వాసన. పేపరు చదివే ముసలివాళ్ళకు ఎవరి కుర్చీ వాళ్ళకుంటుంది, కుర్చీమీద రాసి ఉండదంతే. ఫ్యాను కింది కుర్చీ కోసం జరిగే యుద్ధాలను ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు గానీ, రాజ్యాల కోసం జరిగినవాటికి అవేం తీసిపోవు. ఒక మూల ఎప్పుడూ తాళం వేసి ఉండే బీరువా ఒకటుంటుంది. అందులో ఏముందని అడిగితే, తాళంచెవి పాత లైబ్రేరియన్ దగ్గర ఉండిపోయిందంటారు.

ఈ ఊరి పఠనమందిరం కూడా ఆ బాపతే. తేడా అల్లా కిటికీ పక్కనున్న పొడుగు బల్ల. దాని మీద ఒక అట్టముక్క నిలబెట్టి ఉండేది: "సాహిత్యం, వ్యాసరచన, పౌరశాస్త్రం. సందేహాలు అడగవచ్చు." బడులు వదిలిన దగ్గర్నుంచి దీపాలు ఆర్పేదాకా మాస్టారు ఆ బల్ల దగ్గర కూర్చునేవాడు. జీతం లేదు, ఎవరూ నియమించనూ లేదు. లెక్కలూ సైన్సూ ఎందుకు చెప్పరని అడిగితే, "వాటికి జవాబులున్నాయిగా, నాతో పనేముంది?" అనేవాడు.

ఆ బల్ల దగ్గరికి రావడానికి ముందు ఆయన బతుకంతా సెలవు ఖాళీలే. తండ్రి కలప అడితిలో కాటా వేసేవాడు. కొడుకు చదివి డిగ్రీ తెచ్చుకున్నాడు గానీ ఉద్యోగం తెచ్చుకోలేకపోయాడు. ఒక టీచరమ్మ పురిటికి వెళ్తే ఆవిడ చోట, ఒక పంతులుగారు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంటే ఆయన చోట, ఇలా ఊరూరా తిరిగాడు. ఎక్కడా పాఠం కొసదాకా వచ్చేది కాదు. కథలో అలిగిన కూతురు పెట్టె పట్టుకుని రైలెక్కే చోటికి వచ్చేసరికి అసలు పంతులుగారు కుంటుకుంటూ గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు. "ఇక నేను చూసుకుంటాలెండి" అనేవాడు. ఆ కూతురు ఏ స్టేషన్లో దిగిందో ఈయన నోటితో ఏ క్లాసుకూ చెప్పలేకపోయాడు. పెళ్ళయిన కొత్తలో భార్య ఒకసారి అడిగింది: "ఏమండీ, మనకి నెల గడవాలంటే ఎవరో ఒకరు మెట్ల మీంచి పడాలని మొక్కుకోవాలా?"

అలాంటి ఒక ఖాళీలోనే, ఎన్నికల పాఠం చెబుతుంటే, వెనక బెంచీ వాడొకడు లేచాడు. "ఓడిపోయినవాడికి వేసిన ఓట్లు ఏమైపోతాయండీ?"

"లెక్కలోకి వస్తాయి."

"లెక్కలోకి వచ్చాక?"

క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. రేపు చెబుతానన్నాడు. మర్నాడు పురిటికి వెళ్ళిన టీచరమ్మ తిరిగొచ్చేసింది. ఆ ప్రశ్న ఆయనలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. గెలిచినవాడి మాట అందరికీ వినిపిస్తుంది, ఓడినవాడి మాట ఎవరు చెప్పాలి? ఆలోచించి ఆలోచించి ఒక పద్ధతి పట్టుకున్నాడు. ఏ ప్రశ్న వచ్చినా ఎదుటి పక్షం ముందు. వాడి మాటను వాడికంటే బాగా చెప్పాలి. అది విని వాడే "అబ్బ, నాకు తట్టలేదే" అనుకోవాలి. ఆ తర్వాతే నీ మాట చెప్పే అర్హత నీకొస్తుంది.

ఈ పద్ధతి చెప్పడానికి ఎంత బాగుంటుందో పిల్లలకు అంత కొరకరాని కొయ్య. పాఠంలో తండ్రి కొడుకును ఇంట్లోంచి గెంటేస్తాడు. "తండ్రి క్రూరత్వాన్ని వర్ణించండి" అని ప్రశ్న. పిల్లాడు దాన్ని పట్టుకుని బల్ల దగ్గరికి వస్తాడు.

"ముందు తండ్రి తరఫున రాయి" అనేవాడు మాస్టారు.

"తండ్రి తరఫున ఏముంటుందండీ? వాడు విలన్!"

"ఆ సంగతి వాడికి తెలుసా?"

కొందరు ఆ ఒక్కరోజుతో పారిపోయేవారు. ఫోన్లో వేలితో నొక్కితే ఊడిపడే జవాబుకు ఈయన దగ్గర సాయంత్రమంతా పట్టేది, పైగా చివరికి జవాబు ఉండేది కాదు. పెన్సిళ్ళు చెక్కుకుంటూ కూర్చునే లైబ్రేరియన్ తరచూ అనేవాడు: "మాస్టారూ, మీ దగ్గరికొచ్చినవాడు ఒక డౌటుతో వచ్చి సంచీడు డౌట్లతో ఇంటికెళ్తాడు. వాళ్ళ అమ్మలు నన్ను తిడుతున్నారు."

పారిపోనివాళ్ళలో మొదటిది లాయరు. అది కూడా మారుపేరే. బడి చివరి ఏడాది చదివే పిల్ల. తల్లి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేసేది. రాత్రంతా నిలబడే పని. తండ్రి సంగతి ఎవరూ అడగరు, ఆ పిల్లా చెప్పదు. మొదటిరోజు బల్ల దగ్గరికి వచ్చి సంచీ అయినా దించకుండా అడిగింది: "ఒప్పించేలా రాయడం అంటే ఏంటి మాస్టారూ? అబద్ధాన్ని అందంగా చెప్పడమేగా?"

"కాదని నేనంటే ఒప్పుకుంటావా?"

"ఎందుకొప్పుకుంటాను? మీరు ఒప్పించాలిగా!"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంటికెళ్ళి భార్యతో, "ఇవాళ ఒక లాయరు దొరికింది" అన్నాడు. "మనమీద కేసేమైనా వేసిందా?" అందావిడ, నోట్లోని గుండుసూది తియ్యకుండానే.

ఆ తర్వాత వాళ్ళిద్దరి వాదులాట పేపరు చదివే ముసలివాళ్ళకు సాయంత్రపు కాలక్షేపం అయిపోయింది. ఓటు వెయ్యనివాడికి శిక్ష వెయ్యాలా వద్దా, కథలో దొంగ ఏడిస్తే మనకు జాలి ఎందుకు కలుగుతుంది, పన్ను కట్టనివాడు రోడ్డు బాగాలేదని అనొచ్చా? గొంతులు పెరిగితే ఫ్యాను కింది కుర్చీలోంచి ఎవరో ఒకరు "నిశ్శబ్దం!" అని గోడమీద బోర్డు చూపించేవారు. ఒక పావుగంట పోయాక వాళ్ళే పేపరు మడిచి, "ఇంతకీ శిక్ష వెయ్యాలంటావా అమ్మాయ్?" అని అడిగేవారు.

ఇలా సాగుతుండగా ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా. ఏ కబురైనా నేరుగా చెప్పలేని మనిషి.

"అక్కా, ముందు టీ పెట్టు. కబురు చెప్పాక అడిగితే ఇవ్వవు."

టీ తాగి, కప్పు దూరంగా పెట్టి చెప్పాడు. పఠనమందిరం మూసేసి ఆ హాల్లో బిల్లులు కట్టే కౌంటర్లు పెడతారట. నీటి పన్నూ ఇంటి పన్నూ అన్నీ అక్కడే. పుస్తకాలు మూటలు కట్టి గోడౌన్లో వేస్తారట. ఇంకా తీర్మానం కాలేదు. ముందు ప్రజల అభిప్రాయం వింటారు. ఒక్కో సంస్థ తరఫున ఒక్కరు, ముందుగా పేరిచ్చినవాళ్ళే మాట్లాడాలి, తలా మూడు నిమిషాలు.

"పిల్లలెక్కడికెళ్తారు?" అన్నాడు మాస్టారు.

"పిల్లల సంగతి సరే, మీరెక్కడికెళ్తారు?" అంది భార్య. ఆయన వెళ్ళడానికి ఇంకో చోటు లేదని ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

"పేరివ్వండి బావా. మీరు మాట్లాడితే గోడలు కూడా వింటాయి."

"నేను మాట్లాడకూడదురా. ముసలాడు కుర్చీ కోసం ఏడుస్తున్నాడంటారు. చదువుకునే పిల్ల మాట్లాడాలి."

అది నిజమే. అయితే దాని కింద ఇంకో నిజం ఉంది, అది ఆయన పైకి చెప్పలేదు. తన పాఠం ఒక్కసారైనా నిండు సభలో మొదలై కొసదాకా నడవడం కళ్ళారా చూడాలని ఉంది. అలా పఠనమందిరం తరఫున లాయరు పేరు ఇచ్చారు.

ఇక బల్ల దగ్గర కసరత్తు మొదలైంది. ఎదుటి పక్షం ముందు. లాయరు మొదట రాసుకొచ్చింది పేలవంగా ఉంది. హాలు పాతది, వచ్చేవాళ్ళు తక్కువ, పుస్తకాలకు చెదలు. మాస్టారు పెదవి విరిచాడు. "ఇది వాళ్ళు చెప్పేది. వాళ్ళకు చెప్పడం చేతకానిది ఏముందో చూడు."

లాయరు రెండు రోజులు రాలేదు. మూడోరోజు వచ్చి, కూర్చోకుండా చదివింది. బిల్లు కట్టే కిటికీ ఇప్పుడు మునిసిపల్ ఆఫీసు బయట గోడకు ఉంది. నీడ లేదు. వాళ్ళమ్మ రాత్రంతా లాండ్రీలో నిలబడి పొద్దున్నే వచ్చి మిట్టమధ్యాహ్నం దాకా ఆ వరసలో నిలబడుతుంది. కాళ్ళు వాచి చెప్పుల్లోకి పట్టవు. చెప్పులు చేత్తో పట్టుకుని కాలే నేలమీద నిలబడుతుంది. ఎదురుగా పఠనమందిరం. లోపల ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు పేపరు పేజీ తిప్పుతూ కిటికీలోంచి ఆమెను చూస్తారు. "నీడ ఎవరికి ముందు కావాలి? పుస్తకానికా, మనిషికా?"

లైబ్రేరియన్ పెన్సిల్ చెక్కడం ఆపేశాడు. "ఇది విన్నాక నాకే మూసేద్దామనిపిస్తోందండీ" అన్నాడు.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "అదీ! ఇప్పుడు మన మాట రాయి."

మన మాట కూడా రాశారు. కలిపి చదివితే సమయం సరిగ్గా సరిపోయింది. మళ్ళీ మళ్ళీ చదివి చూసుకున్నారు. మధ్యలో జనం చప్పట్లు కొడితే అవెంత సమయం తింటాయన్నది మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. బల్ల దగ్గర చప్పట్లు కొట్టేవాడెవడు?

బావమరిది విని తలపట్టుకున్నాడు. "బావా, మీకు పుణ్యముంటుంది, అసలు సంగతి ముందు చెప్పేయమనండి. అక్కడ కూర్చునేవాళ్ళ సంగతి నాకు తెలుసు. సగం మంది మొదటి ముక్క వింటారు, మిగతా సగం అదీ వినరు."

లాయరు కూడా అడిగింది. "తిరగేసి చెప్తే ఏమవుతుంది మాస్టారూ? ముందు మనది, తర్వాత వాళ్ళది?"

"అప్పుడది బేరమవుతుంది. వాదన కాదు."

ఎప్పుడూ ఎదురు చెప్పే పిల్ల ఆ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. ఆయన మీద గురి.

సభ మునిసిపల్ ఆఫీసు మేడమీది హాల్లో. ప్లాస్టిక్ కుర్చీలు, గీ పెట్టే మైకు, వేదికమీద పూలు లేని పూలకుండీ. అధ్యక్షస్థానంలో చైర్మన్. చెప్పుల దుకాణాలున్న మనిషి. చెడ్డవాడేం కాదు, పిల్లల్ని చూస్తే బుగ్గ గిల్లే రకం. ఆయన ముందు ఒక చిన్న ఇత్తడి గంట. ప్రపంచంలో సభలు నడిపేవాళ్ళందరికీ గంటంటే మహా ప్రీతి. ఒకసారి చేతికి దొరికాక దాన్ని మోగించకుండా ఉండలేరు.

ముందు మాట్లాడినవాళ్ళు మామూలే. వర్తకుల సంఘం ఆయన తన దుకాణం ముందు మురుగు గురించి చెప్పాడు. ఇంకొకాయన వీధికుక్కల గురించి మొదలెట్టి, వాటి తాతల దగ్గరికి వెళ్ళేసరికి గంట మోగింది. అయినా ఆయన అరుస్తూనే ఉన్నాడు. జనం ఆవలిస్తున్నారు. అప్పుడు లాయరు లేచింది.

"పఠనమందిరం ఎందుకు మూసెయ్యాలో ముందు చెబుతాను" అంది.

హాల్లో కదలిక వచ్చింది. పఠనమందిరం తరఫున వచ్చిన పిల్ల ఇలా అంటుందేమిటి? వెనక వరసలో కబుర్లు ఆగిపోయాయి. మాస్టారు గోడ పక్క కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు. పెదవులు ఆ పిల్లతోపాటే కదులుతున్నాయి.

వాచిన కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి హాలు చెవులప్పగించింది. చేత్తో పట్టుకున్న చెప్పుల దగ్గరికి వచ్చేసరికి వరసల్లో నిలబడి అలిసినవాళ్ళు, అంటే ఆ హాల్లో దాదాపు అందరూ, చప్పట్లు కొట్టారు. పిల్ల ఆగింది. చప్పట్లు ఆగాక మళ్ళీ అందుకుంది. "నీడ ఎవరికి ముందు కావాలి?" అనగానే ఇంకా గట్టిగా కొట్టారు. ఎవరో ఈల వేశారు. ఒకావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. కౌన్సిల్ సభ్యులు కూడా బల్లలు చరిచారు. లాయరు మొహంలో నెత్తురు పొంగింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ తనకు చప్పట్లు కొట్టలేదు. అవి ఆగేదాకా మర్యాదగా నిలబడింది. మళ్ళీ మైకు దగ్గరికి వంగి, "అయితే..." అంది.

గంట మోగింది.

"బ్రహ్మాండంగా చెప్పావమ్మా" అన్నాడు చైర్మన్. గంట పక్కన పెట్టి తనూ చప్పట్లు కొట్టాడు. "మేం ఏడాదిగా చెప్పలేకపోతున్నది చెప్పావు. కూర్చో తల్లీ."

"సార్, అయిపోలేదండీ, అసలు మాట ఇంకా..."

"టైమైపోయిందమ్మా. అందరికీ ఒకటే రూలు."

మాస్టారు లేచి నిలబడ్డాడు. "అధ్యక్షా! అది ఎదుటి పక్షం వాదన! మాది కాదు!"

"ఎదుటి పక్షమంటే మేమేగా మాస్టారూ?" చైర్మన్ నవ్వాడు. "మా వాదన మీ పిల్ల చేత చెప్పించారు. ఇంతకంటే ఒప్పుకోవడం ఏముంటుంది?"

హాలంతా నవ్వింది. నవ్వులో విషం లేదు. అదే మరీ కష్టం. చైర్మన్ గుమాస్తా వైపు తిరిగి, "చదువుకునే పిల్లలకు కూడా అభ్యంతరం లేదని రాసుకో" అన్నాడు. ఆ గుమాస్తా బావమరిదే. కలం పట్టుకుని బావ వైపు చూశాడు.

"నేను మాట్లాడాలి" అన్నాడు మాస్టారు.

"మీరు పేరిచ్చారా?"

మాస్టారు నోరు తెరిచాడు. పేరివ్వనివాడికి సభలో మాట్లాడే హక్కు లేదు. సభకు నియమం ఎందుకుండాలో, నియమం లేని సభలో గట్టిగా అరిచేవాడిదే ఎలా చెల్లుబాటవుతుందో ఆయన ఆ బల్ల దగ్గర ఎంతమందికి చెప్పాడో! చైర్మన్ చెప్పింది సరైనదే. మాస్టారు కూర్చున్నాడు.

మెట్లు దిగుతుంటే బావమరిది వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అరవాల్సింది బావా! గొడవ చెయ్యాల్సింది! ఆ కుక్కలాయన్ని చూడండి, గంట కొట్టినా అరుస్తూనే ఉన్నాడు, రేపట్నుంచి కుక్కల బండి తిప్పుతారట!"

"రూలు లేదురా."

"రూలు!" అన్నాడు బావమరిది, చెయ్యి వదిలేసి.

లాయరు గేటు దగ్గర నిలబడి ఉంది. దారిన పోయేవాళ్ళు ఆగి మెచ్చుకుంటున్నారు. మాస్టారిని చూడగానే తల దించుకుంది. "నీ తప్పేం లేదమ్మా" అన్నాడాయన. "చప్పట్లు ఆపమని చెప్పాల్సిందండీ నేను" అంది. "నాకు బాగున్నాయి అవి. అందుకే ఆగాను." అంతే అని వెళ్ళిపోయింది.

ఇంట్లో భార్య పనిచేసుకుంటూనే అంతా విన్నది. ఒక చొక్కా చేతులు కుట్టడం అయ్యాక అడిగింది: "ఇంతకీ రెండో సగంలో ఏముందండీ?"

మాస్టారు చెప్పాడు. పఠనమందిరంలో మనిషి తనకు నచ్చని మాట కూడా ఓపిగ్గా వినడం నేర్చుకుంటాడు. అది నేర్చుకోనివాళ్ళు సభలో కూర్చున్నా ప్రయోజనం లేదు. నీడ కావాలంటే రేకు వెయ్యొచ్చు, గదిని గెంటెయ్యక్కర్లేదు. ఇంకా చాలా చెప్పాడు. గొంతులో కాస్త జీవం కూడా వచ్చింది. చెప్పడం అయ్యాక ఆవిడ వైపు చూశాడు.

ఆవిడ దారం కొరికింది. అబద్ధం చెప్పడం ఆవిడకు చేతకాదు, అదే వాళ్ళ కాపురం నిలబడ్డ రహస్యం.

"మొదటిదే బాగుందండీ" అంది.



ఆ తర్వాతి వారాల్లో చెయ్యగలిగింది చేశాడు. సభలో నమోదైన మాటను సరిదిద్దాలంటే తర్వాతి సమావేశంలో సభ్యుడెవరైనా సవరణ కోరాలి. తమ వార్డు సభ్యుడి ఇంటికి వెళ్ళాడు. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి మర్యాద చేశాడు. "మాస్టారూ, నేనే చప్పట్లు కొట్టాను కదండీ, ఇప్పుడు ఏ మొహంతో సవరించమంటాను?" అన్నాడు. పేపరు చదివే ముసలివాళ్ళను కదిలిస్తే, కొత్త కౌంటర్ల దగ్గర కూడా ఫ్యాన్లుంటాయటగా అన్నారు. లైబ్రేరియన్ను జనన మరణాల సెక్షనుకు మార్చారు. పుస్తకాలు మూటలు కట్టేరోజున ఆ తాళం బీరువా పగలగొట్టారు. అందులో ఏమీ లేదు.

కౌంటర్లు తెరిచారు. నీటి పన్ను కట్టాలని భార్య పంపితే మాస్టారు వెళ్ళాడు. గోడలకు కొత్త సున్నం. చెమ్మ వాసన పోయింది, అది మాత్రం ఒప్పుకోవాలి. ఆయన బల్లను అడ్డంగా కోసి రెండు కౌంటర్లకు సర్దారు. వరసలో ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగి గబగబా దగ్గరికొచ్చింది. లాయరు తల్లి. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"మాస్టారండీ! మా పిల్ల మాట్లాడబట్టే ఈ నీడ వచ్చిందని ఊరంతా అంటోందండీ. మీరు నేర్పబట్టేగా అలా మాట్లాడింది. మీ మేలు మర్చిపోను."

"మంచిదమ్మా" అన్నాడు మాస్టారు. "కాళ్ళెలా ఉన్నాయి?"

"కాస్త నయమండీ. పిల్లే ఏంటో, ఉలుకూ పలుకూ లేకుండా తయారైంది. ఏమన్నా అంటే సరేనంటుంది. ఒకప్పుడు ఉప్పు తక్కువైందన్నా ఎందుకు తక్కువో వాదించేదండీ. మీరోసారి చెప్పండి దానికి."

ఏం చెప్పమంటుందో ఆవిడకూ తెలియదు. మాస్టారు తలూపాడు.

పరీక్షల ముందు లాయరు తనంతట తనే వచ్చింది. మొదటిసారి ఇంటికి రావడం. భార్య కుట్టే గుడ్డలు పక్కకు జరిపి చోటిచ్చింది. పిల్ల సంచీలోంచి పుస్తకం తీసి పౌరశాస్త్రం ప్రశ్న చూపించింది: "పాలనలో ప్రజాభిప్రాయానికి ఉన్న ప్రాముఖ్యాన్ని వివరించండి."

మాస్టారు ప్రశ్న చదివి తలెత్తాడు. ఎదుటి పక్షం ఏమంటుందని అడగబోయాడు. నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

"పాయింట్లు చెప్పండి మాస్టారూ, రాసుకుంటాను" అంది ఆ పిల్ల. కలం కాగితం మీద సిద్ధంగా ఉంది.

చెప్పాడు. గైడుల్లో ఉండేలాంటివే, చదునుగా, ఎవరికీ గుచ్చుకోనివి. ప్రజాభిప్రాయం పాలకులకు దిక్సూచి. ప్రజాభిప్రాయం చట్టాలకు బలం. పిల్ల అక్షరం పోకుండా రాసుకుంటోంది. కుట్టుమిషను చప్పుడు ఆగింది. భార్య సూదిలో దారం ఎక్కించడం మాని చూస్తోంది.

మాస్టారు ఆవిడ వైపు ఒకసారి చూశాడు. తర్వాత, అంతవరకూ చెప్పిన గొంతుతోనే, కావాలని చెప్పాడు: "ప్రజలు తమ అభ్యంతరం చెబితే, ఆ పని చేసే అధికారం ప్రభుత్వానికి ఉండదు."

చెప్పి ఎదురు చూశాడు. ఒకప్పుడైతే ఈ మాటకు బల్ల విరిగిపోయేది. ఏ చట్టంలో ఉందండీ అనేది. మొన్న హాల్లో ఏం జరిగింది మరి అనేది. ఆ మాటే అంటుందేమో, అని తనను నిలదీస్తుందేమో, నిలదీస్తే ఎంత బాగుండునో అని ఆయన ఆ కలం వైపే చూస్తూ కూర్చున్నాడు.

పిల్ల రాసింది. రాసి, చివర చుక్క పెట్టింది. తర్వాతి పాయింటుకు అంకె వేసుకుని, కలం పట్టుకుని కూర్చుంది.

"అది కొట్టెయ్" అన్నాడు మాస్టారు. "తప్పు."

ఆ పిల్ల సంచీలోంచి స్కేలు తీసింది. ఆ వాక్యం కింద కాకుండా, సరిగ్గా మధ్యలోంచి తిన్నగా గీత గీసింది. ఎందుకు తప్పని అడగలేదు.

"తర్వాతది చెప్పండి" అంది.